నిప్పున్న పురుగు

ఈ లెక్క మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి చెబుతాను. మండపేటలో నాలుగు గోదాములు, వాటిలో పదకొండు వేల బస్తాల బియ్యం, ముప్పై ఏళ్లుగా సరుకు చూసి చూసి అరిగిన రెండు కళ్లు, నేను లెక్కలో తప్పితే నవ్వకుండా సరిదిద్దే భార్య మాణిక్యం. ఇవి కాక ఇంకొకటి ఉంది. దాన్ని ఖాతాలో ఏ పక్కన వేయాలో అప్పటికి తెలియదు. చావని పురుగు.

ముక్కు పురుగును బియ్యం చెరిగిన ప్రతి ఇల్లాలూ చూసే ఉంటుంది. ఆవగింజను సాగదీసి, ముందు చిన్న సూది అతికించినట్టు ఉంటుంది. ఆడది గింజకు కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూత వేసి పోతుంది. పిల్ల లోపలే పుట్టి, లోపలే తిని, ఇల్లు ఖాళీ అయ్యాక బయటికి వస్తుంది. గింజ మాత్రం పైకి గింజలాగే ఉంటుంది. వేలితో నొక్కితే పొడి.

మా నాన్న కాలంలో వరసలుగా పేర్చిన బస్తాల నెట్టు మీద బరకం కప్పి, లోపల టన్నుకు ఒక గ్యాస్ మాత్ర పెట్టి, వారం రోజులు అంచుల మీద ఇసుక సంచులు వేసి ఉంచితే పురుగు మొత్తం పోయేది. నా పెళ్లినాటికి రెండు మాత్రలు. ఆ సంవత్సరం భాద్రపదంలో తొమ్మిది పెట్టించాను. ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం గ్యాస్ మేస్త్రి సత్తియ్య నన్ను పిలిచి బరకం ఎత్తాడు.

"చూడండి షావుకారు గారండీ. తొమ్మిది మాత్రలండి. మనిషయితే ఈది ఈదంతా లేచిపోవాలండి. ఇయ్యేమో తీర్థానికి బయల్దేరినట్టు బయల్దేరాయండి."

"మాత్రలు పాతవేమోరా."

"మాత్రలు కొత్తయ్యేనండి. పురుగులే పాతయ్యండి. మనకంటే అనుబవం ఎక్కువండి ఆటికి."

నేను నెట్టుకు చెవి ఆనించాను. బయట ఎండ మండుతోంది. లోపల మాత్రం సన్నగా చినుకు పడుతున్న చప్పుడు. రెండు వేల ఏడు వందల బస్తాలు ఒకేసారి నములుతున్నాయి. ఆ చప్పుడు వింటూ ఉంటే నాకు ఒక సంగతి అర్థమైంది. ప్రతి ఏడూ మాత్ర పెట్టి మేము చంపింది బలహీనమైన వాటిని. తట్టుకున్నవే మిగిలి, పిల్లల్ని పెట్టాయి. రైతు మంచి కంకి చూసి విత్తనానికి ఏరినట్టు, ఈ పురుగును ముప్పై ఏళ్లుగా ఏరి ఏరి తయారు చేసింది నేనే.

మాణిక్యానికి ఒక తమ్ముడున్నాడు, సోమలింగం. హైదరాబాదులో పురుగుల మీద పరిశోధన చేసి, పైవాళ్లతో తగువు పెట్టుకుని వచ్చేశాడు. అక్క మాట మీద మా మిల్లు పాత బాయిలరు గది అతనికి ఇచ్చాను. అద్దె అడగలేదు. ఆదివారం చదరంగంలో నా చేతిలో ఓడిపోవాలని మాత్రం ఒప్పందం. రెండేళ్లుగా ఆ గదిలో ఏం చేస్తున్నాడో నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం అడిగాను.

అతను రెండు గాజు మూతలు ముందు పెట్టాడు. రెండింటిలో పాతికేసి ముక్కు పురుగులు. నా గోదాములోవే. రెండింటిలో ఒక్కొక్క చుక్క మందు వేశాడు. ఎడమ మూతలో పురుగులు ఆ చుక్క మీదుగానే నడిచి వెళ్లాయి. కుడి మూతలోవి నాలుగడుగులు వేసి, కాళ్లు ముడుచుకుని పడిపోయాయి.

"ఒకటే పురుగు, ఒకటే మందు. కుడివైపు వాటికి ఏం చేశావు?"

"పొయ్యి ఆర్పాను బావా."

"తిన్నగా చెప్పరా సోములూ."

"పురుగు కడుపులో ఒక సూక్ష్మజీవి కాపురం ఉంటోంది. అదే విషాన్ని కాల్చి బూడిద చేస్తోంది. అంటే అద్దెకున్నవాడు వంట చేసి పెడుతున్నాడన్నమాట, ఇంటాయనకు."

"అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించావా?"

"ఇంకొకణ్ణి దింపాను. వీడికి వంట రాదు. పైగా ఎవడి పొయ్యి కనబడితే దాంట్లో నీళ్లు పోస్తాడు."

దానికి అతను పెట్టుకున్న పేరు తోడు. పాలలో తోడు వేసినట్టే. ఒక గ్లాసు తోడు గింజలు నెట్టులో కలిపితే చాలు, పురుగు నుంచి పురుగుకు దానంతట అదే పాకుతుంది. మూడు వారాల తర్వాత మా నాన్న కాలంలోలాగా ఒక్క మాత్ర.

"మనుషులకు అంటదు కదా?" అన్నాను.

"ఉడికితే చస్తుంది. పచ్చి బియ్యం ఎవరు తింటారు బావా?" అన్నాడు.

అవును, ఎవరు తింటారు అనుకున్నాను.

అతను ఒక్క షరతు పెట్టాడు. నాలుగో గోదాములో తోడు వేయకూడదు, మాత్ర పెట్టకూడదు. పాత పురుగును అలాగే వదలాలి.

"పురుగును మేపడానికి ఒక గోదాము బియ్యమా?"

"పోనీ ఒక నెట్టు. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి దారి ఉండాలి బావా. అన్ని తలుపులూ మూసేసి తాళం చెవి నూతిలో వెయ్యకూడదు."

"సరే" అన్నాను. బేరంలో సరే అనడం వేరు, చేయడం వేరు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆ తేడా మీదే బతికాను.

మూడు వారాలు గడిచాయి. సత్తియ్య ఒక్క మాత్ర పెట్టి, వారానికి బరకం ఎత్తాడు. బస్తాల చుట్టూ నేల మీద నల్లగా, పొడిగా, అంగుళం మందాన పురుగు రాలి ఉంది. సత్తియ్య గంపలకెత్తి బయట పోసి, కాసేపు దూరంగా నిలబడ్డాడు.

"ఏమిటిరా చూస్తున్నావు?"

"కోళ్లండి. ఒక్క కోడీ ముక్కెట్టట్లేదండి."

మళ్లీ నెట్టుకు చెవి ఆనించాను. చప్పుడు లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి. సంతోషించాల్సింది. కానీ ఎవరో రాత్రికి రాత్రి ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి గోడకు చెవి పెట్టినట్టు అనిపించి, వెంటనే వెనక్కి జరిగాను.

సోమలింగం ఏదో పని మీద కాకినాడ వెళ్లి వారం ఉన్నాడు. నాలుగో గోదాము పురుగు గోడ ఎక్కి మూడో గోదాములోకి దిగుతోంది. అటు లారీలు ఆగి ఉన్నాయి. రెండో రోజునే నాలుగో గోదాములో కూడా తోడు వేయించాను. చుట్టుపక్కల ఆరు మిల్లుల వాళ్లు వచ్చి అడిగారు. తలా ఒక డబ్బా ఇచ్చాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. సరుకు చూసేటప్పుడు ప్రతి బస్తాకూ గొట్టం గుచ్చి గుప్పెడు బియ్యం తీస్తాం. అది మచ్చు. చూసిన మచ్చు మళ్లీ బస్తాలోకి పోకూడదు, నేల మీద పారేయకూడదు. పక్కనున్న డబ్బాలో పడాలి, సాయంత్రానికి షావుకారు ఇంటికి చేరాలి. మూడు తరాలుగా మా ఇంట్లో కొన్న బియ్యం వండలేదు. అన్నీ మచ్చు బియ్యమే. ఒకరోజు సన్నాలు, ఒకరోజు ముతక, అన్నీ కలిసిన అన్నం. ఆ రుచికి అలవాటుపడి మాణిక్యం పుట్టింట్లో కూడా సరిగా తినలేకపోయేది.

సోమలింగం కాకినాడలో ఉండగానే నాగుల చవితి వచ్చింది. ఆ రోజు మా ఇంట పొయ్యి వెలిగించరు. మాణిక్యం ముందు రోజు నానబెట్టిన బియ్యం వడగట్టి, దంచి, బెల్లం కలిపి చలిమిడి చేసింది. పుట్టలో పాలు పోసి వచ్చి ఇద్దరం చలిమిడి, వడపప్పు తిన్నాం. నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నాలుగో రోజు పొద్దున ఆమె కాఫీ గ్లాసు తోసేసింది.

"ఏమండీ, మొన్న తాగిన కాఫీ ఇంకా దిగలేదండీ."

"అరగలేదా?"

"కడుపులో కాదండీ, తల్లో. కళ్లు మూసుకుంటే రెప్పల్లోంచి కనబడుతున్నట్టుంది. మూడు రోజులైంది నిద్రపోయి."

నేను నవ్వాను. ఆ పూటే తాంబూలంలో ఎప్పుడూ వేసుకునే చిటికెడు జర్దా వేసుకున్నాను. గోదాముకు వెళ్లే దారిలో నేల ఒక పక్కకు ఒరిగింది. సత్తియ్య పట్టుకోకపోతే మురుగు కాలవలో పడేవాణ్ణి.

మాణిక్యానికి పన్నెండో ఏట నుంచి మూర్ఛ ఉంది. మధ్యాహ్న భోజనం కాగానే ఒక మాత్ర వేసుకుంటుంది. వేసుకున్నంత కాలం ఏమీ లేదు. పెళ్లయ్యాక ఇరవై ఆరేళ్లలో నేను ఆమె పడిపోగా చూసింది రెండే సార్లు, రెండూ మాత్ర మరిచిపోయిన రోజులు. ఆ సోమవారం మాత్ర వేసుకుని నడుం వాల్చింది. బుధవారం మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. నా మనసులో మొదట వచ్చిన ఆలోచన దాచను. ఒక మాత్ర రెండు రోజులు పనిచేస్తే సగానికి సగం మిగులుతాయి కదా అనుకున్నాను.

తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. వంకాయ ముక్క నాలుక మీద పెట్టుకుంటే మంట. పోపులో ఆవాలు చిటపటలాడితే ఆమె గోడ పట్టుకునేది. పక్కింట్లో దోమల చక్రం వెలిగిస్తే మా ఇంట్లో ఇద్దరికీ పెదవులు తిమ్మిరెక్కేవి. అల్లం, మిరియం, మునగాకు, ఏదీ లోపలికి పోనివ్వలేదు ఒళ్లు. కూరగాయ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ప్రతి ఆకూ, ప్రతి కాయా తనను తినేవాడి కోసం లోపల కాస్త విషం దాచుకుంటుంది. మన ఒంట్లో పొయ్యి దాన్ని కాల్చేస్తుంది. కాలగా మిగిలినదాన్ని మనం రుచి అంటాం.

సోమలింగం కాకినాడ నుంచి వచ్చి అక్క వేలి నుంచి ఒక రక్తపు చుక్క తీసుకెళ్లాడు. గంటలో తిరిగి వచ్చాడు.

"అక్కా, ఈ నెలలో పచ్చిది ఏం తిన్నావు?"

"పచ్చిదేం తింటానురా? చవితినాడు చలిమిడి తిన్నాను."

"ఏ బియ్యం?"

"మన ఇంట్లో ఏ బియ్యం ఉంటుందిరా? మీ బావ మచ్చు బియ్యమే."

అతను కుర్చీలో కూర్చోలేదు. నేల మీద కూర్చున్నాడు. పదేళ్ల వయసు దాకా ప్రతి చవితికీ పుట్టింట్లో అక్క ఒళ్లో కూర్చుని చలిమిడి తిన్నవాడు. పచ్చి బియ్యం ఎవరు తింటారని అడిగిందీ వాడే, అవుననుకున్నదీ నేనే.

అతను తల ఎత్తి, "పోనీలే బావా. నాలుగో గోదాము ఉందిగా. అందులో పాత పురుగు తెస్తే, దాని కడుపులో నిప్పు తీసి అక్కకు మళ్లీ అంటించొచ్చు" అన్నాడు.

నేను గోదాముల వైపు చూశాను.

"బావా?"

"లారీలు ఆగి ఉన్నాయిరా."

అతను నేల మీంచి లేచాడు. "ఇంట్లో నిప్పారితే పక్కింటికి వెళ్లి తెచ్చుకుంటారు. నువ్వు పక్కిళ్లు కూడా ఆర్పేశావు. ఎంత గట్టి వ్యాపారివి బావా!"

ఆ పొద్దే అతను మా గోదాములతో పాటు ఆరు మిల్లులకూ వెళ్లి, తోడు వేసిన సరుకంతా ఆవిరి పట్టించమని చెప్పాడు. బాయిలరు గదిలో ఉన్న తోడు గింజలు ఒక్కటి మిగల్చకుండా కాల్చేశాడు.

మాణిక్యం తెల్లన్నం, పాలు మాత్రమే తినగలిగేది. బస్తాలు తూచే కాటా మీద ఆమెను వారానికోసారి నిలబెట్టేవాణ్ణి. యాభై నాలుగు కిలోలు ఉండేది. నలభై ఎనిమిది అయింది. నలభై మూడు అయింది.

"తరుగు ఎంతొచ్చిందండీ?" అనేది కాటా దిగుతూ.

"ఎక్కువేం లేదు."

"తేమ సరుకు కొన్నారు. ఆరబెడితే తగ్గుతుంది మరి."

మాత్రే పెద్ద భయం. మానేస్తే మూర్ఛ. వేస్తే నిద్ర. ముక్కలో ముక్క, గోటితో గిల్లినంత వేసినా ఏ రోజు ఎంత పనిచేస్తుందో తెలియదు. ఒకనాడు పట్టపగలు ఆమె పక్కన కూర్చుని గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఏడు. తర్వాత ఆరు. వీధిలో ఐస్ బండి గంట మోగుతోంది. ఏడో ఊపిరి కోసం ఎదురుచూస్తూ నేను ఊపిరి బిగబట్టాను.

మర్నాటి నుంచి నేనూ సోమలింగం పురుగు కోసం తిరిగాం. ముప్పై ఏళ్లు పురుగును తరిమినవాణ్ణి, మిల్లు మిల్లుకూ వెళ్లి అడుక్కున్నాను.

"పురుగుందా?"

"మీ దయ వల్ల ఒక్కటి లేదండి షావుకారు గారూ. మీరిచ్చిన డబ్బాకి దండం పెట్టుకుంటన్నాం."

"సరిగా చూడండి. ఒక్కటైనా?"

"ఏంటండీ, ఎగతాళా?"

ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే గదిలో దొరికింది. పిల్లల తిండి దగ్గర మందు పెట్టనని పట్టుబట్టిన పంతులమ్మ గారి బియ్యం. గుప్పెడు పురుగులు పొట్లం కట్టుకుని ప్రాణం లేచివచ్చినట్టు పరుగెత్తుకొచ్చాం. సోమలింగం గాజు మూతలో వేసి చుక్క మందు వేశాడు. అన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోయాయి.

"ఇవి విషం ఎరగనివి బావా. వీటికి పొయ్యే లేదు. మనకు అమాయకులు పనికిరారు."

ఆ మాట మీద నాకు దారి తోచింది. ఏ సరుకు కావాలన్నా అది ఎక్కడ పండుతుందో ముందు చూడాలి. మనకు కావలసింది అందరికంటే ఎక్కువ విషం తిని బతికిన పురుగు. అలాంటిది బియ్యం ఉన్న చోట వెతికితే దొరకదు. విషం ఉన్న చోట వెతకాలి.

రామచంద్రపురం రోడ్డులో చిట్టూరి భాస్కరం పురుగుమందుల షాపు ఉంది. వెళ్లి, "మీ షాపులో బియ్యం ఉన్నాయా?" అని అడిగాను.

"మందులడుగుతారుగానీ బియ్యం అడిగిన మొదటోరు మీరేనండి," అంటూ నవ్వి, ఆగి, ఆలోచించాడు. "ఉండండుండండి. అటక మీద ఒక బస్తా ఉండాలండి. రెండేళ్ల కిందట ఇంటికి తీసుకెళ్తే మందు కంపు కొడతందని మా ఆడోళ్లు ఎనక్కి పంపేశారండి."

నిచ్చెన వేసుకుని ముగ్గురం ఎక్కాం. పగలు రెండు గంటలు. రేకుల కింద వేడి, కళ్లు మండించే వాసన. నాకూ మాణిక్యంలాగే పొయ్యి ఆరింది కాబట్టి ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాను. అయినా కళ్ల ముందు పచ్చ చుక్కలు లేచాయి. మూలన డబ్బాలు, సీసాలు. పై వరుసలో ఒక డబ్బా తుప్పు పట్టి కారుతోంది. చుక్క, చుక్క. కింద బస్తా. కారినచోట గోనె నల్లబడి, గట్టిపడి, పెంకులా ఉంది.

దగ్గరికి వెళ్లకముందే చప్పుడు వినిపించింది. చినుకు కాదు. వడగళ్లు పడుతున్నట్టు.

ఆ బస్తా నుంచి పురుగు బయటికి వస్తోంది. డబ్బా కారుతున్న చోటికి బారు కట్టి వెళ్తోంది. పసుపుపచ్చని ఆ మడుగు అంచున ముక్కులు ముంచి నిలబడి ఉన్నాయి, కళ్లంలో నీళ్ల తొట్టి దగ్గర ఎద్దులు నిలబడ్డట్టు. మా అడుగుల అలికిడికి అన్నీ ఆగాయి. తర్వాత మళ్లీ తాగాయి.

భాస్కరం పక్కనున్న మందు పంపు అందుకున్నాడు. "ఒక్క నిమిషం ఉండండి, మందు కొట్టేత్తాను."

"వద్దు!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

నాలుగు రోజుల్లో సోమలింగం ఆ పురుగుల కడుపులో నిప్పును తీసి, పచ్చి బియ్యం మీద పెంచాడు. మొదటి విడతలో ఒక్క మనిషికి సరిపడా వచ్చింది. గిన్నెలో అక్క ముందు పెట్టి చెప్పాడు.

"ఇది ఎంత పెద్ద నిప్పో నాకు తెలియదక్కా. వంటింటి పొయ్యికి అడవి మంట తెస్తున్నాం."

"తింటే కాఫీ తాగొచ్చా?"

"తాగొచ్చు."

"అయితే ఇలా ఇయ్యి."

వారంలో లేచి కూర్చుంది. రెండు వారాలకు వంకాయ కూర అడిగింది. కాటా మీద నలభై ఏడు, నలభై తొమ్మిది. రోజుకు నాలుగు గ్లాసుల కాఫీ తాగి, పిల్లిలా నిద్రపోయేది. ఇల్లంతా నవ్వులే. నా వంతు రెండో విడత గింజలు తయారవుతున్నాయి. ఈలోగా నేను తెల్లన్నం తింటూ ఆమె తినడం చూసేవాణ్ణి.

చూస్తుంటే కొన్ని సంగతులు కనబడ్డాయి. ఆమె చేతి మీద దోమ వాలడం లేదు. ఆమె తిని వదిలిన పళ్లానికి చీమ పట్టడం లేదు. బల్లి మందు పొడి ఒలికితే ఒట్టి చేత్తో తుడిచి, ఆ చేత్తోనే జామకాయ కొరికింది. ఏమీ కాలేదు. చూసిన సత్తియ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మగారండీ, మీకెలాగుందండి?"

"బ్రహ్మాండంగా ఉంది సత్తియ్యా. ఏం?"

"ఏం లేదండి," అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో మంచినీళ్లు అడగలేదు.

మార్గశిరంలో ఒక పగలు, వడియాలు పెట్టడానికి డాబా మీదికి వెళ్లింది. పిండి గిన్నె పడిన చప్పుడైంది. నేను పైకి వెళ్లేసరికి తడి బట్ట మీద పడి కొట్టుకుంటోంది. మాత్ర రెండు గంటల ముందే వేసుకుంది, నా కళ్లముందు. మర్నాడు రెండు వేశాం. మళ్లీ పడింది. నాలుగు వేశాం. పడింది. ఈసారి నుదురు చిట్లింది. కాకినాడలో డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించి నన్ను పక్కకు పిలిచారు.

"రక్తంలో మందు ఆనవాలే లేదండి. ఆవిడ మాత్రలు మింగట్లేదు, దాచేస్తున్నారు."

నేను వాదించలేదు. ఇంటికొచ్చి సోమలింగంతో చెప్పాను.

"నిప్పు కాల్చేస్తోంది బావా. మందో విషమో దానికి తేడా తెలియదు. కడుపులోకి రాగానే కాల్చేస్తోంది." అతను జుట్టు పీక్కున్నాడు. "ఇప్పుడు కాస్త తోడు ఉంటే, చిటికెడంటే చిటికెడు, మంట తగ్గించేవాణ్ణి. అంతా నా చేతులతోనే కాల్చేశాను. మిల్లుల్లో కూడా ఆవిరి పట్టించాను. ఎక్కడా లేదు."

నా వంతు నిప్పు గింజలు ఆ పొద్దే తయారయ్యాయి. గ్లాసులో పోసి కిటికీలో పెట్టి ఉన్నాయి. నేను తిందామని స్నానం చేసి వచ్చాను. సోమలింగం ఆ గ్లాసు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. సరుకు ఎక్కడుందో తెలిసిన వ్యాపారి చూపు.

"బావా, నువ్వింకా తినలేదు కదా?"

"లేదు."

"తినకు."

తోడు ఇంకా బతికి ఉన్నది నా ఒంట్లో. అతను మొదట అడిగిన నాలుగో గోదాము లాంటిది, ముట్టుకోకుండా వదలాల్సిన చోటు, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది నా కడుపు. గ్లాసు తీసుకెళ్లి మూత పెట్టి బాయిలరు గదిలో పెట్టాను.

మాణిక్యానికి చెబితే ఒప్పుకోలేదు.

"మీరు జన్మంతా చప్పిడి తిండి తింటూ, గాలి వీస్తే పడిపోతూ ఉంటారా? నేను పడితే పడతానులెండి. రెండు నిమిషాలు కొట్టుకుని లేస్తాను."

"డాబా మెట్ల మీద పడితే?"

"మెట్లెక్కను."

"నూతి దగ్గర?"

ఆమె చిట్లిన నుదురు తడుముకుంది. "ఏం తెలివో ఏమో. బేరానికి మీ ఒళ్లే దొరికిందా?" అంది.

ఇప్పుడు పద్ధతి ఇది. పొద్దున్నే పళ్లు తోముకోక ముందు పచ్చి బియ్యపు గింజలు నోట్లో వేసుకుని, నా ఎంగిలిలోని తోడు అంటేలా దవడన పెట్టుకుని, పంటితో సగానికి విరిచి ఆమె అరచేతిలో పెడతాను. ఆమె కళ్లు మూసుకుని మింగుతుంది. ఎన్ని అన్నది తేలడానికి రెండు నెలలు పట్టింది. మూడు గింజలకు మంట తగ్గలేదు. పన్నెండుకు రెండు రోజులు లేవలేదు. ఏడు దగ్గర తూకం నిలిచింది. చలికాలం ఎనిమిది. ఆమెకు జలుబు చేస్తే ఐదు.

బాయిలరు గదిలో భాస్కరం బస్తా పురుగును పెంచుతున్నాం. వాటికి మేలు రకం సన్నబియ్యం మీద మందు చల్లి పెట్టాలి. మందు ఆపితే నిప్పు ఆరిపోతుంది. ఆరు మిల్లుల్లో ఇద్దరి ఇళ్లలో చవితి చలిమిడి తిన్న ఆడవాళ్లు మంచమెక్కారు. వాళ్లు వచ్చి నా దగ్గర పురుగు అడిగి పట్టుకెళ్లారు. ఇచ్చేముందు వాళ్లింట్లో ఇంకెవరు చలిమిడి తిన్నారో కనుక్కుంటాను. ఒకరికి నిప్పు పెట్టి, ఒకరిని అలాగే వదిలేయమంటాను. ఎవరిని వదలాలో వాళ్లే తేల్చుకోవాలి. ఆ మాటకు ఇళ్లల్లో పడే నిశ్శబ్దం నాకు అలవాటైంది.

సంవత్సరం తిరిగింది. లెక్క తేల్చాలి. నాలుగు గోదాముల్లో ఒక్క పురుగు లేదు. సరుకు అలాగే ఉంది, తరుగు లేదు. దాన్ని లాభంలో వేయడానికి చేయి రావడం లేదు. నా వైపు పోయినవి కాఫీ, తాంబూలం, ఆవకాయ, వంకాయ, పెళ్లిళ్లలో భోజనం, దోమల కాలంలో వీధి అరుగు. మా ఇంట్లో ఇప్పుడు రెండు వంటలు, రెండు గదులు. ఆమె తాలింపు వేసేటప్పుడు నేను పెరట్లో నిలబడతాను. నా తెల్లన్నం ఆమె వడ్డించి, గిన్నె పక్కన పెట్టి, చూడకుండా వెళ్లిపోతుంది.

ఆమె బరువు నిన్న కాటా మీద యాభై రెండు. పోయిన నెల ముప్పై రోజుల్లో ఒక్క రోజు పడింది, వంటింట్లో, చాప మీద, నా చేతుల్లో. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు పడలేదు. ఈ వ్యాపారంలో నాకు వచ్చింది ఆ ఇరవై తొమ్మిది.